తెర అడుగున రెండు వరుసలు

2009 నవంబరులో గూగుల్ ఒక కొత్త సదుపాయం ప్రకటించింది. యూట్యూబ్ వీడియోలో ఎవరైనా మాట్లాడుతుంటే కంప్యూటరే విని, ఆ మాటలను అక్షరాల్లోకి మార్చి తెర అడుగున చూపిస్తుంది. ఆ ప్రకటన రాసిన ఇంజనీరు కెన్ హారెన్‌స్టీన్‌కు వినికిడి లేదు. అప్పటికే యూట్యూబ్‌లోకి నిమిషానికి 20 గంటల వీడియో వచ్చి చేరుతోంది. అంతటినీ మనుషులు కూర్చుని టైపు చేయడం అయ్యే పని కాదు, అందుకే ఆ పని యంత్రానికి అప్పగించారు. తప్పులు దొర్లుతాయని ఆయన ముందే చెప్పాడు. మొదట కొద్ది చానళ్లకే ఆ సదుపాయం దక్కింది. వాటిలో చాలావరకు విశ్వవిద్యాలయాలవే: స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, యేల్, డ్యూక్, కొలంబియా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పేరూ ఆ జాబితాలో ఉంది.

ఏడేళ్లు తిరక్కుండానే ఆ బర్క్‌లీకే అమెరికా న్యాయశాఖ నుంచి లేఖ వచ్చింది. వాషింగ్టన్‌లో బధిరుల ఉన్నత విద్య కోసం నడిచే గాలాడెట్ విశ్వవిద్యాలయం ఉద్యోగులు ఇద్దరు, బర్క్‌లీ ఉచితంగా పెట్టిన పాఠాలు తమకు అందడం లేదని ఫిర్యాదు చేశారు. జాతీయ బధిరుల సంఘం వారికి అండగా నిలిచింది. న్యాయశాఖ ఆ వీడియోలను తీసి పరిశీలించింది. చాలా పాఠాలకు క్యాప్షన్లే లేవు. యంత్రం పెట్టిన క్యాప్షన్లు ఉన్నచోట అవి తప్పులతో, అరకొరగా ఉన్నాయి. ఇది దివ్యాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని 2016 ఆగస్టులో పంపిన ఆ లేఖ తేల్చి చెప్పింది.

బర్క్‌లీ ఏం చేసిందంటే, పాతవాటిని సరిదిద్దే ఖర్చు భరించలేమంటూ 2017 మార్చిలో 20 వేలకు పైగా ఆడియో, వీడియో పాఠాలను ప్రజలకు కనబడకుండా తీసేసింది. ప్రపంచం నలుమూలలా ఆ పాఠాలు చూసుకుంటున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ. కొందరు ఆ కోపాన్ని ఫిర్యాదు చేసినవాళ్ల మీద చూపించారు. అది అన్యాయం. వాళ్లు పాఠాలు తీసేయమని అడగలేదు, తమకూ అర్థమయ్యేలా పెట్టమన్నారు. వ్యవహారం అక్కడితో ఆగలేదు. 2022 నవంబరులో న్యాయశాఖతో కుదిరిన ఒప్పందంలో, ఆన్‌లైన్‌లో పెట్టే పాఠాలనూ ప్రసంగాలనూ అందరికీ అందేలా సరిచేస్తామని బర్క్‌లీ ఒప్పుకుంది. బర్క్‌లీకి లేఖ రాకముందే హార్వర్డ్, ఎంఐటీల మీదా జాతీయ బధిరుల సంఘం 2015లో కోర్టుకెక్కింది. హార్వర్డ్ 2019 నవంబరులో, ఎంఐటీ 2020 ఫిబ్రవరిలో రాజీకి వచ్చి, తమ ఆన్‌లైన్ వీడియోలకు నాణ్యమైన క్యాప్షన్లు పెట్టేందుకు కట్టుబడ్డాయి.

ఈ వివాదాలన్నిటి అడుగున ఉన్నది ఒకటే ప్రశ్న. తప్పుల తడకగా ఉన్న క్యాప్షన్‌ను ఉన్నట్టు లెక్కగట్టాలా, లేనట్టా? వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ 2008లో వెలువరించిన నిబంధనల్లోనే, ముందుగా రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు ఉండటం అన్నిటికన్నా ప్రాథమికమైన మెట్టు. ఆ మెట్టు ఎక్కామని చెప్పుకోవడానికి యంత్రం రాసిపెట్టిన ముసాయిదా చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే యంత్రం ఎలా వింటుందో చూడాలి.

అంతకుముందు కొంచెం చరిత్ర. మూకీ సినిమాల కాలంలో బధిరులు, వినగలిగినవారు ఒకే హాల్లో కూర్చుని ఒకే కథ చూశారు, ఎందుకంటే మాటలు అందరికీ తెరమీద అక్షరాలుగానే వచ్చేవి. టాకీలు రాగానే ఆ అక్షరాలు పోయాయి. మూకీల్లో నటించిన ఎమర్సన్ రొమెరో అనే బధిర నటుడు 1947లో పాత సినిమా రీళ్లు సంపాదించి, దృశ్యానికీ దృశ్యానికీ మధ్య మాటల ఫ్రేములు అతికించి బధిరుల సంఘాలకు పంపాడు. ఆధునిక క్యాప్షన్లకు అది తొలి అడుగుల్లో ఒకటి. 1972లో బోస్టన్ టీవీ కేంద్రం జూలియా చైల్డ్ వంటల కార్యక్రమాన్ని తెరమీద మాటలతో ప్రసారం చేసింది. కావలసినవారికే కనబడే క్యాప్షన్లు 1980 మార్చిలో మొదలయ్యాయి, కానీ వాటికి విడిగా ఒక పెట్టె కొనుక్కోవాలి. అమెరికా పార్లమెంటు 1990లో చట్టం చేశాక, 1993 నుంచి 13 అంగుళాలు, అంతకు మించిన ప్రతి టీవీలోనూ ఆ పరికరాన్ని లోపలే అమర్చి అమ్మడం తప్పనిసరైంది. టాకీలు వచ్చాక టీవీలో ఈ దారి పడటానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఇంటర్నెట్ పాఠాలు వచ్చేసరికి కథ మళ్లీ మొదటికి వచ్చింది.

ఇక యంత్రం వినే తీరు. మైకులోంచి వచ్చిన ధ్వనిని కంప్యూటరు సెకనులో వందోవంతుకొక ముక్క చొప్పున తరుగుతుంది. ఒక్కో ముక్కలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో లెక్కగడుతుంది. ఆ లెక్కలన్నీ వరుసగా పేర్చితే ధ్వని ఒక చిత్రంలా తయారవుతుంది. లక్షల గంటల మాటలతో శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ ఆ చిత్రాన్ని చూసి, ఇది ఏ అక్షరాలై ఉండొచ్చో ఊహిస్తుంది. ధ్వని ఒక్కటే చాలదు కాబట్టి, ముందు వచ్చిన మాటలను బట్టి తర్వాత ఏది వచ్చే అవకాశం ఎక్కువో కూడా చూస్తుంది. ధ్వనికీ సందర్భానికీ రెండింటికీ బాగా అతికే మాటను ఎంచుకుంటుంది. మామూలు కబుర్లలో ఈ పద్ధతి అబ్బురపరిచేంత బాగా పనిచేస్తుంది.

పాఠం మామూలు కబుర్లు కాదు. విద్యార్థికి ఇంతవరకు తెలియని మాట చెప్పడానికే పాఠం పెడతారు. ఆ కొత్త మాట యంత్రానికి కూడా అరుదైనదే. శిక్షణలో పదిసార్లు కనబడిన పదానికీ పది లక్షల సార్లు కనబడిన పదానికీ ధ్వనిలో పోలిక ఉంటే, యంత్రం మొగ్గు రెండోదానివైపే. అంటే, పాఠం ఎక్కడ కీలకమో అక్కడే క్యాప్షన్ తప్పే అవకాశం ఎక్కువ. వినగలిగిన విద్యార్థి ఆ తప్పును చెవితో సరిదిద్దుకుని ముందుకు పోతాడు. వినలేని విద్యార్థికి తెరమీద ఉన్నదే పాఠం. అతను తప్పునే నేర్చుకుంటాడు, పరీక్షలో తప్పునే రాస్తాడు. ఆ తప్పు తనది కాదని అతనికి ఎవరూ చెప్పరు.

నర్సింగ్ కోర్సు వీడియో ఒకటి ఊహించండి. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర పడిపోవడం. హైపర్‌గ్లైసీమియా అంటే పెరిగిపోవడం. మొదటిదానిలో రోగికి వెంటనే చక్కెర అందించాలి, రెండోదానిలో ఇన్సులిన్ అవసరపడొచ్చు. గబగబా మాట్లాడే గొంతులో ఆ రెండు మాటలకూ ఉన్న తేడా సన్నని ‘ర్’ కారం, దాని పక్క అచ్చు. తెలుగు వ్యవసాయ పాఠంలో ఇంకా సన్నని తేడాలు వస్తాయి. ‘పూత దశలో ఈ మందు వాడొచ్చు’, ‘పూత దశలో ఈ మందు వాడొద్దు’. ఫ్యాను చప్పుడు, గాలి హోరు మధ్య రికార్డు చేసిన వీడియోలో ‘చ్చు’కు బదులు ‘ద్దు’ పడితే ఒకే అక్షరం మారినట్టు. రైతు పొలంలో మాత్రం చేయాల్సిన పని తలకిందులవుతుంది.

కచ్చితత్వాన్ని కొలవడానికి సాంకేతిక నిపుణులు వాడే లెక్క ఒకటుంది. యంత్రం మార్చి రాసిన మాటలు, వదిలేసిన మాటలు, లేనివి కల్పించిన మాటలు కూడి, అసలు పాఠంలోని మొత్తం మాటలతో భాగిస్తారు. నిమిషానికి 130 మాటల చొప్పున 50 నిమిషాల పాఠంలో 6,500 మాటలుంటాయి. 95 శాతం కచ్చితత్వం అంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. అందులో 325 తప్పులు. 99 శాతానికి చేరినా 65 మిగులుతాయి, నిమిషానికి ఒకటికన్నా ఎక్కువే. ఇదీగాక ఈ లెక్కకు అన్ని తప్పులూ సమానమే. ‘అయితే’ అన్న మాట ఎగిరిపోయినా ఒక తప్పే, ‘వాడొద్దు’ కాస్తా ‘వాడొచ్చు’ అయినా ఒక తప్పే.

తెలుగులో ఆ కొలత ఇంకోలా కూడా తడబడుతుంది. విభక్తి, వచనం, క్రియ, వ్యతిరేకార్థం అన్నీ మాట చివరనే అతుక్కునే భాష ఇది. ‘నీళ్లలో’ అనేది ‘నీళ్లను’ అయితే మాట మొత్తం తప్పిన లెక్క. నిజంగానే అది పెద్ద తప్పు, ఆ లెక్క సబబే. కానీ ‘నీళ్ళు’ అని మనిషి రాసిపెట్టుకున్నచోట యంత్రం ‘నీళ్లు’ అంటే అదీ ఒక తప్పుగా పడుతుంది, ‘చెయ్యాలి’కి ‘చేయాలి’ రాసినా అంతే. చదివేవాడికి వాటివల్ల ఏ నష్టమూ లేదు. కాబట్టి తెలుగు పాఠాల క్యాప్షన్లు బాగున్నాయో లేదో ఒక్క శాతం చూసి నిర్ణయించలేం. ఏ మాటలు తప్పాయో మనిషి కూర్చుని చూడాల్సిందే.

యంత్రం అందరి గొంతునూ ఒకేలా వినదన్నది రుజువైన సంగతి. అమెరికాలో అమెజాన్, యాపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ వ్యవస్థలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. తెల్లజాతివారి మాటల్లో సగటున 19 శాతం తప్పులుంటే, నల్లజాతివారి మాటల్లో 35 శాతం ఉన్నాయి. భారతదేశానికి సంబంధించి ఇంతకన్నా సూటిగా తగిలే పరిశోధన 2023లో ఐఐటీ ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో ఇంజనీరింగ్, సైన్సు పాఠాలు వేలల్లో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ విద్యార్థులకు అవి రోజూ చూసేవే. పరిశోధకులు సుమారు 9,800 పాఠాలు, అంటే 8,740 గంటల ఇంగ్లిష్ ప్రసంగాలు తీసుకున్నారు. మనుషులు రాసిన ప్రతిని పక్కన పెట్టుకుని యూట్యూబ్ ఆటోమేటిక్ క్యాప్షన్లనూ, ఓపెన్‌ఏఐ వారి విస్పర్ రాసినదాన్నీ పోల్చారు. ఆచార్యులు ఆడా మగా, ఏ ప్రాంతం వారు, ఎంత వయసు, ఎంత వేగంగా మాట్లాడతారు అన్నదాన్ని బట్టి తప్పుల రేటు మారింది. కులాన్ని బట్టి తేడా కనబడలేదు. ఏ సబ్జెక్టు అన్నదాన్ని బట్టి మాత్రం కనబడింది.

దీని అర్థం ఏమిటో విద్యార్థి వైపు నుంచి చూడాలి. వినలేని ఇద్దరు విద్యార్థులు ఒకే సెమిస్టరులో రెండు వేర్వేరు కోర్సులు తీసుకుంటే, ఆచార్యుడి యాసను బట్టి ఒకరికి పాఠం దాదాపు పూర్తిగా అందుతుంది, మరొకరికి చిల్లులు పడి అందుతుంది. ఆ ఆచార్యుడి ఇంగ్లిష్‌లో లోపమేమీ లేదు. ఎదురుగా కూర్చున్న క్లాసు మొత్తం అర్థం చేసుకుంటూనే ఉంది. యంత్రానికి ఆ గొంతులు తగినన్ని వినిపించకపోవడమే లోపం.

విస్పర్ తరహా కొత్త వ్యవస్థల్లో మరో చిక్కు ఉంది. 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ పొంది 2022లో వచ్చిన ఈ వ్యవస్థ పాతవాటికన్నా చాలా మెరుగు. కానీ ఎవరూ అనని వాక్యాలను కొన్నిసార్లు అది తానే కల్పిస్తుంది. 2024లో వెలువడిన ఒక పరిశీలనలో దాదాపు 1 శాతం ధ్వని ముక్కల్లో ఇలాంటి కల్పనలు బయటపడ్డాయి. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నవారి విషయంలో అవి ఎక్కువ. పాత యంత్రాలు తప్పు చేస్తే వాక్యం అర్థంపర్థం లేకుండా పోయేది, చదివేవాడికి వెంటనే అనుమానం వచ్చేది. కొత్త యంత్రం తప్పు చక్కని వ్యాకరణంతో, పూర్తి వాక్యంగా వస్తుంది. బోర్డు మీద లెక్క వేస్తూ ఉపాధ్యాయుడు అర నిమిషం మౌనంగా ఉండటం క్లాసులో మామూలు విషయం. తనిఖీ చేసేవారు అలాంటి చోట్ల కళ్లు ఇంకాస్త పెద్దవి చేసుకుని చూడాలి.

మాటలన్నీ సరిగ్గా రాసినంత మాత్రాన పని పూర్తికాదు. అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ 2014లో టీవీ క్యాప్షన్లకు నాలుగు గీటురాళ్లు పెట్టింది: కచ్చితత్వం, మాటతోపాటే కనబడటం, మొదటినుంచి చివరిదాకా ఉండటం, తెరమీద ముఖ్యమైనదాన్ని మూసేయకపోవడం. పాఠాలకు ఈ చివరిది చాలా పట్టింపు. స్లైడు అడుగున ఉన్న సమీకరణం మీద క్యాప్షన్ పడితే ఆ సమీకరణం లేనట్టే.

కాలం సంగతి చూద్దాం. క్యాప్షన్ ఫైలు తెరిచి చూస్తే అందులో మాయేమీ ఉండదు, మామూలు టెక్స్ట్ ఫైలే. ఈ క్షణం నుంచి ఈ క్షణం వరకు ఈ మాటలు చూపించు అని వరుసగా రాసి ఉంటుంది. కళ అంతా ఎక్కడ తెంపాలన్నదాంట్లో ఉంది. కెమిస్ట్రీ ల్యాబ్ పాఠంలో ప్రతి ఉపాధ్యాయుడూ చెప్పే హెచ్చరికే తీసుకుంటే: ‘ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు.’ గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీళ్లు పోస్తే పుట్టే వేడికి ఆ నీళ్లు అక్కడికక్కడే మరిగి ఆమ్లం మొహాన చిమ్ముతుంది. సాఫ్ట్‌వేర్ మాటల సంఖ్యను బట్టి గుడ్డిగా తెంపితే ఇలా రావచ్చు:

00:04:12.300 నుంచి 00:04:15.100
ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి,
నీళ్లను ఆమ్లంలో

00:04:15.100 నుంచి 00:04:17.400
పోయకూడదు, అర్థమైందా?
ఇప్పుడు బీకరు తీసుకుని

ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. శాతం లెక్కలో నూటికి నూరు. అయినా మొదటి తెర దగ్గర వీడియో ఆపుకుని నోట్సు రాసుకునే విద్యార్థి కాగితం మీద ఏం మిగులుతుందో చూడండి. పోయాలి అన్న క్రియ పక్కనే నీళ్లు, ఆమ్లం. వద్దన్న మాట తర్వాతి తెరకు వెళ్లిపోయింది, అదీ బీకరు పక్కకు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, అవునా కాదా అన్నది ఆ క్రియ కొసన తేలుతుంది. ఇంగ్లిష్‌లో కాదనే మాట వాక్యం మధ్యలోనే వచ్చేస్తుంది కాబట్టి, ఇంగ్లిష్ కోసం తయారైన తెంపుడు సూత్రాలకు ఈ బెడద అంతగా పట్టదు. తెలుగు క్యాప్షన్ వేసేవారు మొదటి తెరలో ‘ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి’ మాత్రమే ఉంచి, రెండో తెరలో ‘నీళ్లను ఆమ్లంలో పోయకూడదు’ అని పూర్తిగా ఇచ్చి, బీకరును మూడోదానికి పంపాలి. దీనికి పట్టేది పది సెకన్ల పని, కానీ ఆ పాఠం ఏం చెబుతోందో తెలిసినవాళ్లే చేయగల పని.

చదివే కంటికి కూడా పరిమితి ఉంది. కార్ల్ జెన్సెమా అనే పరిశోధకుడు 1990ల చివర్లో రకరకాల వేగాలతో క్యాప్షన్లు చూపించి ప్రేక్షకుల అభిప్రాయం అడిగితే, నిమిషానికి సుమారు 145 మాటల వేగం సగటున సుఖంగా ఉందని తేలింది. బధిర ప్రేక్షకుల కంటి కదలికలను గమనించినప్పుడు టీవీ చూస్తున్న సమయంలో 84 శాతం చూపు క్యాప్షన్ మీదే నిలిచింది. కథ చెప్పే టీవీ కార్యక్రమంలో అది సరిపోవచ్చు. పాఠంలో అదే కళ్లతో స్లైడు చూడాలి, బోర్డు మీద వేలు ఎటు పోతోందో చూడాలి, నోట్సు రాసుకోవాలి. ‘ఇది తీసుకెళ్లి ఇక్కడ వేస్తే ఇది పోతుంది’ అని ఉపాధ్యాయుడు వేలితో చూపిస్తూ అన్నాడనుకుందాం. వినగలిగినవాడి కళ్లు బోర్డు మీదే ఉంటాయి. వినలేనివాడు ఆ వాక్యం చదివి తల ఎత్తేసరికి వేలు వేరేచోట ఉంటుంది. ‘ఎక్స్ స్క్వేర్‌ను ఎడమవైపుకు తీసుకెళితే కుడివైపు సున్నా మిగులుతుంది’ అని నోటితోనే చెప్పే ఉపాధ్యాయుడు క్యాప్షన్ రాసేవారికన్నా ముందే సగం పని చేసిపెట్టినట్టు. రికార్డింగుకు ముందు ఉపాధ్యాయులకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలా మారుతుంది.

వెనుక బెంచీలోంచి ఎవరో ప్రశ్న అడుగుతారు, మైకుకు అందదు. ఉపాధ్యాయుడు ‘కాదు కాదు, దానికి ఉల్టా’ అని జవాబిస్తాడు. దేనికి ఉల్టా? క్యాప్షన్లో ప్రశ్న లేకపోతే జవాబుకు అర్థం లేదు. మాట్లాడేది ఎవరో, గంట మోగిందో, పరికరం కీచుమందో కూడా రాయాలి. భౌతికశాస్త్రం పాఠంలో శ్రుతిదండం మోగించి, ‘విన్నారా, రెండోది ఎక్కువ స్థాయి’ అంటే, ఆ రెండు ధ్వనుల సంగతి అక్షరాల్లో లేనిదే ఆ ప్రయోగం జరిగినట్టే కాదు.

ఈ శ్రమ ఒక్క బధిర విద్యార్థుల కోసమే అనుకోనక్కరలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త మార్టన్ ఆన్ గెర్న్స్‌బాకర్ 2015లో వందకు పైగా పరిశోధనలను ఒకచోట చేర్చి, క్యాప్షన్లు చూసేవారికి వీడియో మీద శ్రద్ధ, అవగాహన, జ్ఞాపకం మెరుగవుతాయని చూపించారు. మరుసటి ఏడాది అమెరికాలో 15 విద్యాసంస్థల్లో 2 వేల మందికి పైగా విద్యార్థులను అడిగితే, సగం మందికి పైగా కనీసం అప్పుడప్పుడూ క్యాప్షన్లు పెట్టుకుంటామన్నారు. తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన విద్యార్థికి ఇంగ్లిష్ పాఠం చెవికి అందకపోయినా కంటికి అందుతుంది. అయినా హక్కుగా అడగాల్సిన అవసరం ఉన్నది వినలేనివారికే. మిగతావారికి క్యాప్షన్ సాయం చేస్తుంది, వినలేనివారికి అదే పాఠం.

వినలేనివారిలోనూ అందరి పరిస్థితి ఒకటి కాదు. చిన్ననాటి నుంచి సైగల భాషలో పెరిగినవారికి తెలుగు రాత, ఇంగ్లిష్ రాత రెండూ తర్వాత నేర్చుకున్న భాషలే. వారికి వేగంగా పరుగెత్తే వరుసలకన్నా పక్కన సైగలతో వివరించే మనిషి ఎక్కువ అవసరం కావచ్చు. పెద్దయ్యాక వినికిడి తగ్గినవారికి క్యాప్షనే హాయి. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వినికిడి లోపం నమోదైనవారు 50 లక్షలకు పైగా. క్యాప్షన్లు పెట్టేశాం, ఇక బాధ్యత తీరిందనుకోవడం ఇంతమందిని ఒకే మూసలో పోయడమే.

చట్టం మనకూ ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షను ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో క్యాప్షన్లు, సైగల భాషా అనువాదం, దృశ్య వివరణ ఉండేలా చూడమని ప్రభుత్వాన్ని ఆదేశిస్తుంది. నియమాలు మాత్రం చాలాకాలం సలహాల స్థాయిలోనే ఉండిపోయాయి. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఒక నియమాన్ని కొట్టివేసి, అందుబాటు ప్రమాణాల్లో తప్పనిసరి భాగమేదో విడిగా తేల్చమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్‌లో మరో తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. పాఠాలు పెట్టే సంస్థలు ఇకమీదట దీన్ని దయాధర్మంగా చూసే వీలు లేదు.

తెలుగు పాఠాల్లో ఇంకా తేలని చిన్నచిన్న సంగతులు చాలానే ఉన్నాయి. ఉపాధ్యాయుడు ‘సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ పెంచితే కరెంట్ తగ్గుతుంది’ అంటే, క్యాప్షన్లో ‘నిరోధం’ అని మార్చి రాయడం కొందరికి మర్యాదగా తోస్తుంది. అది సరికాదు. క్లాసులో మిగతావాళ్లు విన్నది ఏదో అదే వినలేనివాడికీ అందాలి, లేకపోతే స్నేహితుడితో కలిసి చదువుకునేటప్పుడు ఇద్దరి దగ్గరా రెండు పాఠాలుంటాయి. అక్షరాల ఆకృతిదీ ఒక ఇబ్బంది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా ఎడం పెట్టిన రెండు వరుసల్లో, పై వరుసలోని ‘రాష్ట్ర’ ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. తెలుగుకు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, వరుసకు మాటలు తక్కువ కావాలి.

పని నడవాల్సిన తీరు ఇప్పుడు చాలామందికి తెలిసిందే. పాఠంలో వచ్చే సాంకేతిక పదాలు, పేర్ల జాబితాను ఉపాధ్యాయుడు ముందే ఇస్తాడు. యంత్రం ముసాయిదా రాస్తుంది. మొత్తం చేత్తో టైపు చేయడంకన్నా ఇది ఎంతో వేగం, దాన్ని వద్దనాల్సిన పని లేదు. తర్వాత ఆ సబ్జెక్టు చదివిన సీనియర్ విద్యార్థి ఎవరైనా, తగిన పారితోషికం తీసుకుని, వీడియో చూస్తూ దిద్దుతారు. అంకెలు, యూనిట్లు, వ్యతిరేకార్థాలు, కొత్త పదాలు మొదట చూస్తారు. ఆఖరున వేరొకరు శబ్దం పూర్తిగా కట్టేసి పాఠం మొత్తం చూస్తారు, వీలైతే వినికిడి లేని విద్యార్థే. ఎక్కడ వీడియో ఆపి వెనక్కు వెళ్లాల్సి వచ్చిందో అక్కడ గుర్తు పెడతారు.

ఎన్‌పీటెల్ పాఠాల ఇంగ్లిష్ ప్రతిని ఆధారంగా చేసుకుని తెలుగు, తమిళం, హిందీ, కన్నడం, బెంగాలీ వంటి భాషల్లోకి అనువాదాలు చేస్తున్నారు. ఇంగ్లిష్ ప్రతిలో దిద్దకుండా వదిలేసిన ‘హైపో’, ‘హైపర్’ తారుమారు లాంటి తప్పు ఆ భాషలన్నిటిలోకీ వెళుతుంది, అప్పుడు ఒక్కో భాషలోనూ విడివిడిగా వెతికి పట్టుకోవాలి. అందుకే శబ్దం కట్టేసి చూసే ఆ తనిఖీ అనువాదకుల చేతికి ప్రతి వెళ్లకముందే పూర్తికావాలి.